పేరు వ్రాసిన చోటు

ఏటూరునాగారమునకు రైలు లేదు. గోదావరి యొడ్డున అడవిని ఆనుకొని యున్న ఆ యూరివారు పట్టాలు చూడవలెనన్నచో ఆర్టీసీ బస్సెక్కి, తాడ్వాయి అడవి దాటి, పస్రా, గోవిందరావుపేట, ములుగు, మల్లంపల్లి, ఆత్మకూరు గడచి హనుమకొండ చేరి, అచ్చటనుండి కాజీపేటకో వరంగల్లు స్టేషనుకో పోవలెను. నూరు కిలోమీటర్లకు మించిన దారి అది. మంగపేట మీదుగా మణుగూరు పోయి బండి యెక్కువారును కలరు గాని, విశాఖపట్టణమునకో చెన్నపట్టణమునకో ఢిల్లీకో పోవలసినవారికి వరంగల్లే శరణ్యము. 1889 నాటికే బెజవాడదాక పట్టాలు పరచిన నిజాము రైల్వే ఓరుగల్లును తాకుచు పోయినదే గాని, ఈ యడవివైపు తల త్రిప్పలేదు. అందుచేత ఇచ్చటి కోయవారికి గాని, కూలినాలి చేసికొని బ్రతుకు తక్కినవారికి గాని రైలుప్రయాణము నిత్యకృత్యము కాదు. పెద్దాసుపత్రియో, పిల్లవాని పరీక్షయో, తిరుపతి మొక్కో, దూరదేశమున కొలువో వచ్చిననాడే అది సంభవించును. అట్టి ప్రయాణికుని చేతిలోని టికెట్టుమీద ఒక పెట్టె గుర్తు, ఒక అంకె, తన పేరు వ్రాసియుండును. ఈ మూడింటి కలయికయందు వేదాంతులు ఎంతోకాలముగా తర్కించుచున్న ప్రశ్న దాగియున్నదని నా నమ్మకము. ఈ లోకమున ఒక చోటు ‘నాది’ అనుటకు అర్థమేమి? అది నాదియైనచో దానిని పట్టుకొని యుండుట ధర్మమా, విడిచిపెట్టుట ధర్మమా?

ప్రశ్నను ఆకాశమున నిలిపి మాటలాడుటకంటె ముందు ప్లాట్‌ఫారముమీద నిలిచి చూతము. బండి వరంగల్లులో ఆగునది కొద్ది నిమిషములే. ఇంజను మొదలుకొని ఏ పెట్టె తరువాత ఏ పెట్టె వచ్చునో మైకులో చెప్పుదురు. తలమీది పలకలపై ఎర్రని యక్షరములలో ‘ఎస్ 4’, ‘బి 2’ అని వెలుగుచుండును. పెట్టె తలుపు ప్రక్కనను అదే గుర్తు వ్రాసి యుండును. తెలిసినవాడు ఆ పలకక్రింద నిలిచి యుండును. తెలియనివాడు జనరల్ డబ్బాయొద్దనో, బండి తుది కొననో నిలిచి, బండి ఆగినంతనే మూటముల్లెతో ఇరువది పెట్టెల పొడవున పరుగెత్తును. లోపలికి పోయిన పిమ్మట లెక్క సులభమే. స్లీపరు పెట్టెలో ఎనిమిదేసి పడకలకు ఒక గది. 1, 4 క్రిందివి, 2, 5 నడిమివి, 3, 6 పైవి, 7 ప్రక్క క్రిందిది, 8 ప్రక్క పైది. పాత పెట్టెలో అట్టి గదులు తొమ్మిది గనుక 72 పడకలు, క్రొత్త పెట్టెలో పది గనుక 80. ఏ అంకెనైనను ఎనిమిదిచే భాగించి శేషము చూచినచో తన పడక క్రిందిదో మీదిదో కన్నులు మూసికొనియే చెప్పవచ్చును. శేషము సున్నయైనచో ప్రక్క పైది. ఇంత చక్కని వ్యవస్థ. కాని ఈ వ్యవస్థ అక్షరము వచ్చినవానికే తలుపు తెరచును.

పూర్వము బండి బయలుదేరుటకు ముందు ప్రతి పెట్టెకును చార్టు అంటించెడివారు. ఆ కాగితమునొద్ద గుమికూడిన జనులలో చొరబడి, వ్రేలితో వరుసవెంట జారుచు, తన పేరు కనబడినంతనే నిట్టూర్చిన మనుష్యుని ముఖము చూచినవారు మరువలేరు. ఆ పేరు నలుగురి యెదుట, రాజముద్ర పడినట్లు, గోడకు వ్రేలాడుచుండెడిది. చదువురానివాడు సైతము ప్రక్కవానిని పిలిచి ‘ఇందులో నా పేరున్నదా?’ అని యడుగుటకు అవకాశముండెను. 1986 ప్రాంతమున కంప్యూటరు వచ్చినది. 2002లో ఇంటినుండియే టికెట్టు కొను పద్ధతి వచ్చినది. 2018లో పెద్ద స్టేషన్లలో చార్టులంటించు ఆచారము నిలిచిపోయినది. కాగితము మిగిలినది, మేలే. కాని పదుగురి కంటికి కనబడుచుండిన హక్కు ఇప్పుడు ఫోనులోనికి పోయి దాగినది. ఫోను లేనివానికి, ఉన్నను చదువలేనివానికి తన చోటు తనదని చూపుటకు సాక్షి కరవైనాడు.

ఇక ఆ చోటు ఏ యర్థమున ఆతనిది? మన శాస్త్రకారులు ఈ విషయమున సోమరులు కారు. యాజ్ఞవల్క్యస్మృతికి మితాక్షరయను వ్యాఖ్య వ్రాసిన విజ్ఞానేశ్వరుడు, దాయభాగమును గూర్చి చెప్పుచు, స్వత్వము శాస్త్రమువలన మాత్రమే తెలియునదా, లోకవ్యవహారమువలన తెలియునదా యని పెద్ద చర్చ చేసి, అది లౌకికమేయని తేల్చెను. తెలుగున మూలఘటిక కేతన ఆ గ్రంథమును విజ్ఞానేశ్వరీయమను పేర పద్యములలోనికి దింపినందున, ఈ చర్చ మనకు పదమూడవ శతాబ్దినుండియు పరాయిది కాదు. తరువాతి కాలమున నవ్యన్యాయము నేర్పిన రఘునాథశిరోమణి, ద్రవ్యగుణకర్మాదులలో దేనియందును ఇమడనిది గనుక స్వత్వమును వేరొక పదార్థముగానే యెంచవలెననెను. స్వామి యగువాడు తన వస్తువును ఇచ్చవచ్చినట్లు వినియోగింపగలవాడని నైయాయికుల వాడుక.

ఈ గీటుతో కొలిచినచో రైలు పడక మనది కాదు. దానిని అమ్మరాదు, అన్యునకు దానమీయరాదు, రైల్వేవారి యనుమతితో ఇంటివారికి పేరు మార్చుట వంటి కొన్ని సందర్భములలో దప్ప ఆ టికెట్టుపై మరియొకడు పోరాదు. దిగవలసిన స్టేషను వచ్చినపిమ్మట నిమిషమైనను దానిపై మనకు అధికారము లేదు. మనము లేచిన వేడి ఆరకముందే వేరొకడు వచ్చి అదే న్యాయముతో ‘నాది’ అనును. పగటివేళ ఆ క్రింది పడకపై మీదివారు, నడిమివారు కూర్చుండవలెను. రాత్రి పది మొదలు ఉదయము ఆరువరకే పండుకొనుటకు నియమము. కనుక ఇది స్వామిత్వము కాదు, కాలముచేతను పేరుచేతను పరిమితమైన యనుభవాధికారము. అయినను ఆ పరిమితిలో అది సంపూర్ణము. పది గంటలనుండి ఆరు గంటలవరకు కోటీశ్వరుడు వచ్చినను, మంత్రి బంధువు వచ్చినను, ఆ పడకపై నున్న కూలివానిని లెమ్మనుటకు అధికారము లేదు. ప్రపంచమున మనము మనవనుకొను పొలములు, ఇండ్లు, పదవులు, చివరకు ఈ దేహము, అన్నియు ఈ జాతివే గాని మొదటి జాతివి కావని నేను తలంచుచున్నాను. వైరాగ్యశతకములు చెప్పినది నిజమే. అయితే వాని నుండి లోకులు తీయు ఫలితార్థముతోనే నా విరోధము.

విజయవాడను గూర్చి ఒక మాట ఇచ్చటనే చెప్పి పోయెదను. వరంగల్లునుండి విశాఖకు పోవు గోదావరి ఎక్స్‌ప్రెస్సు వంటి బండ్లకు విజయవాడలో ఇంజనును రెండవ కొనకు తగిలింతురు. అంతవరకు ముందున్న పెట్టె అచ్చటనుండి వెనుకది యగును. ముందునకు మొగమై కూర్చున్నవాడు వీపు ముందుగా పోవును. వరంగల్లులో మొదట నిలిచి పెట్టె పట్టుకొన్నవాడు, విజయవాడలో నీళ్లకై దిగి, గుర్తుంచుకొన్న దిక్కునే పరుగెత్తినచో చెడిపోవును. పెట్టె గుర్తు మారలేదు, పడక అంకె మారలేదు, పేరు మారలేదు. మారినది ముందు వెనుకలనెడి మన భావన యొక్కటే. పంక్తిలో ఎవరికి ముందు, ఎవరికి వెనుక అనునది మన స్థానమునకు లక్షణము కాదని, ఆ స్థానమును మనకు ముడివేసిన వ్రాతయే లక్షణమని, ఆ స్టేషనులో నిలిచినవానికి ప్రత్యక్షముగా బోధపడును.

వైరాగ్యశతకములనుండి లోకులు తీయు ఫలితార్థముతో నా విరోధమంటిని. ఆ ఫలితార్థము ఏమనగా, నశ్వరమైన హక్కు హక్కే కాదనుట. వరంగల్లులో ఒక రాత్రి చూచినది చెప్పెదను. అడవివైపునుండి వచ్చిన వృద్ధురాలు, వెంట మనుమరాలు. ఇద్దరికిని రిజర్వేషను కలదు. వారి గదిలో అప్పటికే కుదురుకొనియున్న పెద్దమనిషి యొకడు, చదువుకొన్నవాడు, ఆమె సందేహించుచు అడుగగా, కసరలేదు, కోపింపలేదు. చిరునవ్వుతోనే ‘ఎవరి సీటైతేంది అవ్వా, తెల్లారితే అందరం దిగుడే గదా, ఇంటికి మోసుకపోతమా’ అనెను. చుట్టునున్నవారు తల లూపిరి. ఆ మాటలో తప్పు పట్టుటకు వారికేమియు కనబడలేదు. ఆమెకును కనబడలేదు, నిజమేననుకొని, మనుమరాలి చేయి పట్టుకొని తలుపువద్దకు పోయి మూటపై కూర్చుండెను. డోర్నకల్లు దాటిన పిమ్మట ఆ దారిన వచ్చిన యొక విద్యార్థి ‘గా టికెట్టు ఇటియ్యి అవ్వా, సూస్త’ అని చదివి, ఆమెను వెంటబెట్టుకొని వచ్చి, ‘లెవ్వుండ్రి సారూ, గిది ఈమెది’ అని నాలుగు మాటలలో వ్యవహారము తీర్చెను. పెద్దమనిషి లేచెను. ఆతని టికెట్టు వేరొక పెట్టెలోనిదని తరువాత తెలిసినది.

ఆ రాత్రి నాకు తట్టిన విషయము చెప్పుటకే ఈ వ్యాసము. ఆతడు పలికిన వాక్యమున అసత్యము లేదు. దానిని ఒక సన్న్యాసి తన శిష్యునకు చెప్పినచో ఉపదేశము. తన పడకపై పండుకొన్నవాడు తనకు తాను చెప్పికొన్నచో వివేకము. అన్యుని చోట కూర్చుండి, ఆ చోటు గలవారికే చెప్పినచో అది అపహరణము. ఈశావాస్యోపనిషత్తు తొలి మంత్రమున త్యాగముతో కూడిన యనుభవమును చెప్పిన ఋషి, ఆ వెంటనే పరధనమును ఆశింపరాదని కూడ చెప్పినాడు. మనవారు తొలి సగమును ఎదుటివారికి వినిపింతురు. తమకు వర్తించు మలి సగమును మరతురు. లోకమున బలవంతులు దుర్బలులకు చేయు ఉపదేశములలో ఎక్కువ భాగము వైరాగ్యమును గూర్చినదే యగుట కాకతాళీయము కాదు. భూమి కోల్పోయినవానికి భూమి ఎవరి సొత్తని చెప్పుదురు. కూలి దక్కనివానికి తృప్తియే భాగ్యమందురు. పంక్తినుండి లేపబడినవానికి మానావమానములు సమములని బోధింతురు. చెప్పిన ధర్మము గొప్పదే. చెప్పిన నోటికి ఆ యర్హత లేదు.

మన పురాణములలో చోటుకొఱకు ఏడ్చిన వాడొకడు కలడు, ధ్రువుడు. ఈ ప్రాంతమునకు పరాయి కథ కాదిది. భాగవతము తెనిగించిన పోతన బమ్మెరవాడు గదా, ఆ బమ్మెర నిన్నమొన్నటివరకు వరంగల్లు జిల్లాలోనిదే. ఉత్తానపాదుని తొడపై ఉత్తముడు కూర్చుండగా చూచి, తానును ఎక్కబోయిన ఐదేండ్ల బాలుని సవతితల్లి సురుచి, నా కడుపున పుట్టినచో గదా నీకు ఆ చోటు దక్కునని త్రోసిపుచ్చినది. తండ్రి మాటాడలేదు. ఏడ్చుచు వచ్చిన కొడుకుతో తల్లి సునీతి, ఆ చోటు నీది కాదని గాని, చోట్లన్నియు మిథ్యయని గాని చెప్పలేదు. ఎవరిని ఆశ్రయించినచో అది లభించునో చెప్పి పంపినది. త్రోవలో నారదుడు ఎదురై మొదట నేమనెనో గమనింపవలెను. నాయనా, నీవు పసివాడవు, నీకు మానమేమి, అవమానమేమి, దైవమిచ్చినదానితో తృప్తి నొంది ఇంటికి పొమ్మనెను. జ్ఞానులలో జ్ఞాని పలికిన మాట. దానికి ఆ బాలుడు, స్వామీ, మీ శాంతివచనము మంచిదే గాని, పినతల్లి మాటలచే చీలిన నా హృదయమున అది నిలుచుటలేదని బదులు చెప్పెను. అప్పుడు నారదుడు కోపింపలేదు, తన బోధను మరల వల్లింపలేదు. ద్వాదశాక్షరి నుపదేశించి, యమునాతీరమున మధువనమునకు దారి చూపెను. గురువనగా అట్లుండవలెను. గాయపడినవానికి వేదాంతము ఔషధము కానప్పుడు, వానికి దారి చూపుటయే గురుధర్మమని నారదుడు ఆ క్షణమున గ్రహించినాడు.

అంతతో కథ ముగియలేదు. హరి ప్రత్యక్షమై, అంతకుముందు ఎవ్వరును అధిష్ఠింపని, నక్షత్రమండలమంతయు చుట్టి తిరుగునట్టి స్థిరపదమును ఆతనికి ఇచ్చెను. అది దక్కిన పిమ్మట ధ్రువుడు సంతోషింపక పరితపించెను. మోక్షమీయగలవాని యెదుట నిలిచి ఒక చోటును గదా కోరితినని తన్ను తాను నిందించుకొనెను. నారదుడు మొదట చెప్పిన వైరాగ్యము, చోటు దక్కిన తరువాత, ఎవరును చెప్పకయే, ఆతని లోపలనుండి పుట్టినది. ఈ క్రమమునే నేను నొక్కి చెప్పుచున్నాను. ముందు పదము, పిదప వైరాగ్యము. ముందు వైరాగ్యమును బలవంతముగా మ్రింగించియుండినచో ఆ పిల్లవాడు తొడకై జీవితాంతము వెక్కుచుండెడివాడు. మరియొక యంశమును పోతన పాఠకులు ఎరుగుదురు. అంత్యకాలమున విమానమెక్కుచు ధ్రువుడు తల్లిని తలచుకొని, ఆమెను విడిచి నేనొక్కడనే పోవుదునా యని ఆగెను. ఆమె వేరొక విమానమున ముందే పోవుచున్నదని విష్ణుదూతలు చూపిరి. తన చోటు నిశ్చయమైనవానికే ఇతరుల చోటు ఎక్కడనెడి ఆలోచన కలుగును.

ఈ క్రమమునకు ఆధునికకాలమున మిక్కిలి ప్రసిద్ధమైన సాక్ష్యము రైలులోనే యున్నది. 1893 జూన్ 7వ తేదీ రాత్రి, దక్షిణాఫ్రికాలో పీటర్‌మారిట్జ్‌బర్గు స్టేషనున, మొదటి తరగతి టికెట్టు గల యువ న్యాయవాది గాంధీని, నల్లవాడవు గనుక సామాను పెట్టెవైపు పొమ్మనిరి. ఆతడు పోననెను, పోలీసు చేయి పట్టి క్రిందికి దింపెను, చలిరాత్రి వెయిటింగు గదిలో గడచెను. ఎక్కడ కూర్చున్ననేమి, బండి పోవుట ఒక్కటేకదా యని ఆతడు సమాధానపడియుండవచ్చును. గీత చదివినవారు పలువురు అట్లే చెప్పియుందురు. ఆతడు సమాధానపడలేదు. 1915లో స్వదేశమునకు వచ్చిన పిమ్మట ఆయనయే, ఎవరును త్రోయకుండ, తానై మూడవ తరగతి పెట్టెనెన్నుకొని దేశమంతయు తిరిగి, ఆ పెట్టెలలోని బాధలను గూర్చి 1917లో వ్రాసెను. మొదటి తరగతినుండి తోయబడుటయు, మూడవ తరగతిని ఎన్నుకొనుటయు చూచువారికి ఒక్కటిగానే కనబడును. రెండుసార్లును మనుష్యుడు మెత్తని పరుపును విడిచి పోవుచున్నాడు. లేపబడుట వేరు, లేచుట వేరు. మొదటిదానిని సహించుట అధర్మమునకు సహాయము, రెండవది తపస్సు.

మన రైల్వే చట్టమును వ్రాసినవారు వేదాంతులు కారు గాని, వారి చేత ఈ విషయము చక్కగా పడినది. 1989 నాటి చట్టమున 155వ సెక్షనుకు రెండు భాగములు. అన్యునకు కేటాయించిన పడకను ఆక్రమించి, రైల్వే ఉద్యోగి లెమ్మన్నను లేవనివానిని తొలగింపవచ్చును, 500 రూపాయలవరకు జరిమానా వేయవచ్చును. ఇది మొదటిది. తనకు కేటాయింపని పెట్టెలోనికి న్యాయముగా వచ్చు మరియొక ప్రయాణికుని అడ్డగించువానికి 200 రూపాయలవరకు జరిమానా. ఇది రెండవది. జనరల్ డబ్బాలో ముందెక్కినవారు తలుపు బిగించి ‘లోన జాగ లేదు’ అని అరచుట మనకు నిత్యానుభవము. అరచువాడు, నిమిషము క్రితము, అదే తలుపు బయటనుండి తట్టినవాడే. మొదటి భాగము పేరు వ్రాసిన చోటును కాపాడును. రెండవ భాగము పేరు వ్రాయని చోటు అందరిదని చెప్పును. ఈ రెంటిని కలిపి చదువవలెను. మొదటిది మాత్రమే చదివినవాడు స్వార్థపరుడగును, రెండవది మాత్రమే చదివినవాడు దోపిడిగాడగును.

టికెట్టు చేతనుండుటవలననే మనుష్యుడు ధర్మాత్ముడగునని నేను చెప్పుటలేదు. పురిటినొప్పుల తరుణము సమీపించిన స్త్రీని పై పడకకు ఎక్కుమని, తాను క్రింది పడకపై కాళ్లు చాచుకొన్న యువకుని చూచినాము. ఆతని అంకె సరియైనదే. ఆతని యందు తప్పు పట్టుటకు టీసీకి అధికారము లేదు. కాని హక్కు ఇచ్చిన స్థైర్యమును ఆతడు వ్యర్థము చేసికొన్నాడు. ఆర్‌ఏసీ వచ్చిన ఇద్దరు అపరిచితులు ఒకే ప్రక్కపడకపై రాత్రియెల్ల కూర్చుండి, అర్ధరాత్రి దాటినపిమ్మట చిన్నవాడు తన మూటపైకి జరిగి పెద్దవానికి కాళ్లు చాచు వీలు కల్పించుట కూడ చూచినాము. ఈ దానము చట్టములో లేదు. చట్టము ఇద్దరికిని సగము సగము ఇచ్చినందుననే అది దానమైనది. వానిది కాని సగమును వాడు ఈయలేడు గదా.

ఏటూరునాగారము చుట్టుపట్ల జనులకు ఈ ధర్మము తెలియనిది కాదు. రెండేండ్లకొకసారి మాఘశుద్ధ పౌర్ణమినాటికి మేడారమున జరుగు సమ్మక్క సారలమ్మ జాతరను చూడుడు. విగ్రహములు లేవు, గద్దెలున్నవి. కన్నెపల్లినుండి సారలమ్మ వచ్చును. పూనుగొండ్లనుండి పగిడిద్దరాజు వచ్చును. ఏటూరునాగారము మండలములోని కొండాయినుండి గోవిందరాజు వచ్చును. మరునాడు చిలుకలగుట్టనుండి సమ్మక్క వచ్చును. ఎవరి గద్దె వారిదే. లక్షలాది జనము త్రొక్కిసలాడు ఆ తావున, ఎత్తుబంగారము పేర బెల్లపు ముద్దలు కొండలుగా పడుచున్నను, ఏ దేవత గద్దెపై ఏ దేవత కూర్చుండవలెనో కోయ పూజారులకు సందేహముండదు. నాలుగవనాడు దేవతలు గద్దె దిగి వనప్రవేశము చేయుదురు. తల్లులు అడవికి పోయినపిమ్మట ఆ గద్దె రిక్తముగా నుండును. రిక్తముగా నున్నదని మరియొకరు ఎక్కరు. అధికారము, అనుభవము, త్యాగము ఈ మూడును నాలుగు దినములలో క్రమముగా నడచుట ఇచ్చటివారికి చిన్ననాటినుండి కంటి ముందటి విషయము. ఆ జాతరకు వచ్చువారికొఱకు వరంగల్లునకు, కాజీపేటకు ప్రత్యేకరైళ్లు నడుపుదురు. దేవతకు చోటు తప్పనీయని ఆ పూజారి కులమువారే, తిరుగు బండిలో తమ చోటు తమకు దక్కించుకొనలేక తలుపువద్ద నిలుచుట నాకు కష్టము కలిగించును.

ఇదే ప్రాంతమున భూమి విషయమునను ఇట్టి వ్రాతయే కలదు. ఏజెన్సీ గ్రామములలో గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోకుండుటకు 1959లో ఏర్పడిన నిబంధనను 1970లో బిగించిరి. జనులు దానిని 1/70 చట్టమందురు. అడవిలో పోడు చేసికొనువారికి 2006 నాటి అటవీహక్కుల చట్టము పట్టా చూపినది. పేరు వ్రాసియుండుట ఒకటి, ఆ చోట కూర్చుండగలుగుట వేరొకటి యని ఆ గ్రామములవారికి నేను చెప్పనక్కరలేదు. అచ్చటను వారికి చెప్పబడినది చిరునవ్వుతో కూడిన మాటయే: భూమి ఎవరిదైననేమి, పంట అందరిదే కదా. రైలు పెట్టెలో ఒక రాత్రి జరిగినది అడవిలో తరతరములుగా జరిగినది. కాబట్టి నేను దీనిని అల్పవిషయముగా నెంచలేను.

ఇందుకు నా తీర్పు ఇది. చోటు అనిత్యమనుట సత్యము. ఆ సత్యమును పలుకు అధికారము ఆ చోటు గలవానికే కలదు. తనది కాని చోట కూర్చున్నవాడు ముందు లేవవలెను, తరువాత ఆతడు వేదాంతము చెప్పినచో విందుము. తన చోటు తెలియనివానికి ఆ చోటు చూపుట, ఏ నామజపమునకును తీసిపోని పుణ్యమని నేను నమ్ముచున్నాను. నారదుడు ధ్రువునకు చేసినది చివరకు అదియే.

వరంగల్లులోనో కాజీపేటలోనో బండికొఱకు నిలిచిన చదువరులారా, అడవివైపునుండి బస్సు దిగి వచ్చిన ముసలమ్మ చేతిలో టికెట్టు పట్టుకొని ‘బిడ్డా, గిది యాడుంది?’ అని యడిగినచో, వ్రేలితో దిక్కు చూపి ఊరకుండకుడు. చదివి చెప్పుడు, సమయమున్నచో ఆ పెట్టెదాక నడువుడు, లోపల ఆమె చోట ఎవరైన నున్నచో లేపి, ఆమె కూర్చుండిన పిమ్మటనే మీ పెట్టె వెదకికొనుడు.